ఆరు గంటల నీళ్లు

మోటారు స్టార్టరు పెట్టెలో ఫ్యూజులు మాయమయ్యాయని, వాటిని పీకింది మరెవరో కాదు సొంత తమ్ముడేనని మోటారక్కకు తెలిసిన చోట కిందటి వారం ఆవిణ్ణి వదిలి వచ్చాం. ఆవిడ అప్పుడే పట్నం నుంచి దిగింది. అమ్మకానికి కావలసిన సర్వే కాగితాల కోసం నాలుగు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, కాళ్లు పీకుతున్నా ఇంటికి పోకుండా తిన్నగా మొక్కజొన్న చేలోకి నడిచింది. కండెలు పీచు వేసే వేళ, ఒక్క తడి కూడా తప్పకూడని వేళ, ఆకులన్నీ చుట్టుకుపోయి ఉల్లికాడల్లా నిలబడి ఉన్నాయి.

"మోటారు ఎవరాపమన్నారు?" అని అడిగితే పనివాళ్లు తెల్లమొహాలు వేశారు.

"మీరే ఆపమన్నారటగా! మీ తమ్ముడుగారు చెప్పారు."

తండ్రి బతికుండగానే ఆ ఇరవై ఎకరాల్లో సగం కూతురి పేర రాశాడు. రెండేళ్ల కిందట ఆయన పోయాక మిగతా సగం కొడుక్కి వచ్చింది. కొడుక్కి పట్నంలో టైర్ల దుకాణం, దాని మీదే ప్రాణం. తోటకు ఎప్పుడైనా వచ్చినా ప్యాంటు మడిచి, బురద తగలకుండా మునివేళ్ల మీద నడిచే రకం. కూతురు అలా కాదు. ఏ మోటారు మొరాయించినా మెకానిక్కు కంటే ముందు తనే పానా పట్టుకునేది. అలా ఊరు ఊరంతా ఆవిడకు మోటారక్క అని పేరు పెట్టేసింది. తమ్ముడు తన వాటా అమ్ముకుంటానన్నాడు. భూమినైతే మధ్యన గట్టు వేసి రెండు చెయ్యొచ్చు, బావిని ఎలా చేస్తారు? నెల్లాళ్లు కొట్లాడుకున్నాక మోటారక్క అమ్మకానికి ఒప్పుకుంది, ఒకే ఒక్క షరతు మీద. తోటను తోటలాగే అమ్మాలి. పంట చేలో ఉండాలి, పనివాళ్లు పనిలో ఉండాలి, నీళ్లు కాలవలో పారుతూ ఉండాలి. కొనేవాళ్లు మర్నాటి పొద్దున వచ్చి పార పట్టుకుంటే చాలు అన్నట్టుండాలి.

అటువంటి మనిషికి, కొనే ఆవిడ రావడానికి ఒక్క రోజు ముందు, తమ్ముడు ఎండిన చేను చూపించాడు.

తెల్లవారి అయిదు కొట్టేసరికి మోటారక్క షెడ్డులో ఉంది. పాత తీగ చుట్టలోంచి మూడు ముక్కలు కత్తిరించి, పళ్లతో పట్టుకుని, ఫ్యూజు పిడుల్లో బిగించింది. పచ్చ బటను నొక్కగానే మోటారు ఒక్కసారి మూలిగి, గొంతు సవరించుకుని, తన పాట అందుకుంది. పైపులోంచి మొదటి నీళ్లు దబుక్కున తొట్టిలో పడ్డాయి. అక్కణ్ణుంచి కాలవలోకి, కాలవలోంచి మొక్కజొన్న సాళ్లలోకి నీళ్లు పరిగెత్తాయి. ఆవిడ గట్టు మీద చతికిలబడి చూస్తూ కూర్చుంది. మొదటి సాలు నేల నాలుగు రోజుల దప్పికతో నీటిని గుటగుటా తాగేసింది. మూడో సాలుకు గానీ నీళ్లు ముందుకు కదల్లేదు.

ఎనిమిదిన్నరకు తమ్ముడి కారు వచ్చింది. తలుపు వెయ్యడం కూడా మర్చిపోయి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా! ఏంటిది? మోటారు ఎవరేశారు?"

"నేనే."

"ఫ్యూజులు నా దగ్గరున్నాయి కదా!"

"ఉంచుకో, దుకాణంలో పనికొస్తాయి. తీగముక్క దొరకనంత కరువు రాలేదు ఈ ఇంటికి."

తమ్ముడు బావి దగ్గరికి వెళ్లి తొంగి చూసి, నెత్తి పట్టుకున్నాడు. ఆ బావి రాతి కట్టడం. లోపలి గోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్లే మెట్లు, లెక్క అడుగు నుంచి. నిన్న పదకొండు మెట్లు మునిగి ఉన్న నీళ్లు ఇప్పుడు అయిదో మెట్టుకు దిగాయి.

"పదింటికి ఆవిడొస్తుందే! నాలుగు రోజులు చుక్క తోడకుండా నింపాను. డ్రమ్ము పెట్టి పంపు కింద చూపిస్తే పదహారు సెకన్లలో పొంగేది. ఆవిడ అక్కడికక్కడే చెయ్యి కలిపేది. మొత్తం తగలెట్టావు కదక్కా!"

"కొన్నాక?"

"కొన్నాక ఏంటి?"

"కొన్నాక వారం తిరక్కుండా డ్రమ్ము నిండడానికి ముప్పై సెకన్లు పడుతుంది. అప్పుడావిడ ఏమనుకోవాలి?"

"ఏమనుకుంటే మనకేంటి? కాగితాలు ఆవిడ పేర అయిపోయాక బావి ఆవిడది, తలనొప్పి ఆవిడది."

మోటారక్క లేచి నిలబడి చీర కుచ్చిళ్లకు అంటిన మట్టి దులుపుకుంది. అరవలేదు. అరిస్తే బాగుండునని తమ్ముడికే అనిపించింది.

"ఒరేయ్, టైరు అమ్మేటప్పుడు నువ్వేం చేస్తావో నాకు తెలీదు. అరిగిన టైరుకి నల్లరంగు పూసి కొత్తదని అంటగడతావేమో! ఇది టైరు కాదు. ఈ నీళ్లు నమ్ముకుని పన్నెండుమంది ఇక్కడ పని చేస్తున్నారు. వాళ్లని కూడా తోటతో పాటే అప్పగిస్తున్నాం. రేపు కొత్తావిడ నీళ్లు చాలక సగం చేను బీడు పెడితే, ముందు ఇంటికి పోయేది వాళ్లు. ఆ పాపం నా సంతకంతో జరగదు."

"పాపాలూ పుణ్యాలూ మాట్లాడకు. నేను సంతకం పెట్టకపోతే నీకు అమ్మకమే లేదు, గుర్తుంచుకో!"

"పెట్టకు. నేను పెట్టకపోతే నీకూ లేదు. చెరిసగం అన్నాక బెదిరింపు కూడా చెరిసగమేరా."

తమ్ముడు ఏదో అనబోయాడు. అంతలో తొమ్మిదయింది, కరెంటు పోయింది. పొలాలకు రోజూ నాలుగు గంటలే ఇస్తారు, ఆ తరవాత మళ్లీ మర్నాడే. మోటారు పాట సన్నగిల్లి ఆగిపోయింది. తమ్ముడి మొహంలో ప్రాణం వచ్చింది.

"హమ్మయ్య! గంటలో మళ్లీ ఒకటి రెండు మెట్లయినా ఊరతాయి. ఇక ముట్టుకోకు, నీకు దణ్ణం పెడతాను."

మోటారక్క షెడ్డు వెనక్కి వెళ్లి పరదా లాగింది. దాని కింద పాత డీజిల్ ఇంజను ఉంది. వానలు ముఖం చాటేసిన ఏడు తప్ప దాన్ని ఎప్పుడూ బయటికి తియ్యరు. హ్యాండిలు బిగించి, కాలు ఎడంగా పెట్టి, బలం కొద్దీ తిప్పింది. ఇంజను దగ్గింది. మళ్లీ తిప్పింది. నల్లటి పొగ తమ్ముడి తెల్ల చొక్కా మీదికి కక్కి, దడదడమని మొదలైంది.

"ఆరు గంటలు ఆడిస్తాను," అని ఆ చప్పుడు మీదుగా అరిచింది. "ఆరు గంటలు ఆడాక ఎంత నీరొస్తుందో అదే ఈ బావి నీరు. అదే చూపిస్తాను. ఇష్టముంటే ఉండు, లేకపోతే కారు తలుపు వేసుకుని వెళ్లు. ఇందాకట్నించీ తెరిచే ఉంది, కుక్క ఎక్కి కూచుంది."

నిజంగానే ఎక్కి కూచుంది.

పదింటికి బ్రోకరు స్కూటరు, దాని వెనక ఒక చిన్న ట్రక్కు వచ్చాయి. ట్రక్కు నడుపుకుంటూ వచ్చిందే కొనే ఆవిడ. అరవైకి దగ్గర పడ్డ మనిషి. కత్తిరించిన జుట్టు, నెత్తిన గుడ్డటోపీ, కాళ్లకు మట్టి పట్టిన గుడ్డబూట్లు. కూరగాయల విత్తనాలు పండించి అమ్మే వ్యాపారం ఆవిడది. అందరూ విత్తనాలమ్మ అంటారు. దిగీ దిగగానే మనుషుల్ని పలకరించకుండా వంగి పిడికెడు మట్టి తీసి, నలిపి, వాసన చూసింది. మోటారక్కకు ఆవిడ అప్పుడే నచ్చేసింది.

"రండి రండి మేడమ్! నీళ్లంటే ఇక్కడే నీళ్లు!" అంటూ బ్రోకరు చేతులు రుద్దుకున్నాడు. సువాసన నూనె రాసి దువ్విన జుట్టు, జేబులో మూడు పెన్నులు, మాటకు ముందు నవ్వు. "డ్రమ్ము పెట్టండి, పదహారు సెకన్లు! నేను హామీ!"

డ్రమ్ము పెట్టారు. విత్తనాలమ్మ చేతి గడియారం చూసుకుంది. బ్రోకరు పైకే లెక్కపెట్టడం మొదలెట్టాడు. పదహారు దగ్గర అతని గొంతు కాస్త తగ్గింది, ఇరవై దగ్గర మరీ తగ్గింది. ఇరవై తొమ్మిది దగ్గర డ్రమ్ము పొర్లినప్పుడు అతను గడ్డం గోక్కుంటూ ఆకాశం వైపు చూస్తున్నాడు.

"మీ పదహారు సెకన్లు కొంచెం పొడుగ్గా ఉన్నాయే!" అంది విత్తనాలమ్మ.

"డీజిల్ ఇంజను కదండీ... కరెంటు మోటారైతే..."

"ఇంజను తప్పు కాదు," అంది మోటారక్క. "నేను చెప్తాను వినండి. నాలుగు రోజులు మోటారు ఆపి, నా మొక్కజొన్న ఎండబెట్టి, మీకోసం బావి నింపారు. నేను పొద్దున అయిదింటి నుంచి తోడేస్తున్నాను. ఇప్పుడు మీరు చూసిందే అసలు నీరు. పన్నెండు ఎకరాలకు నిక్కచ్చిగా సరిపోతుంది. మిగతా ఎనిమిదీ వానల మీద ఆధారం. మా నాన్న రోజుల్లో ఇరవైకీ వచ్చేది. రెండేళ్ల నుంచి తగ్గింది. ఎందుకో నాకూ తెలీదు."

తమ్ముడు కళ్లు మూసుకున్నాడు.

విత్తనాలమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "మీరు అమ్మేవాళ్లా, కొనేవాళ్ల తరఫు మనిషా?"

"అమ్మేదాన్నే."

"అయితే ధర ఎంత తగ్గిస్తారు?"

"రూపాయి కూడా తగ్గించను."

"అదేంటమ్మా!"

"మీకు చెప్పిన ధర పన్నెండు ఎకరాల నీటికే కట్టింది. నేనే కట్టాను. అబద్ధం చెప్పి దొరికిపోయుంటే తగ్గించమనండి, ఒప్పుకుంటాను. నిజం చెప్పినందుకు తగ్గించడమేంటండీ?"

విత్తనాలమ్మ పకపకా నవ్వింది. పెద్ద నవ్వు. కారులో కుక్క కూడా తలెత్తి చూసింది. "సరే, బావి చూపించండి," అంది. అమ్మడం అంటే ఏడుపే అనుకుంది మోటారక్క ఇన్నాళ్లూ. సరైన మనిషికి అమ్మడంలో ఇంత తేలిక ఉంటుందని అనుకోలేదు.

చేలన్నీ చూసుకుంటూ బావి గట్టుకు చేరేసరికి పదకొండు. సరిగ్గా ఆరు గంటలు. నీళ్లు ఒకటిన్నర మెట్టుకు పడిపోయాయి. తడిసిన గోడ నల్లగా మెరుస్తోంది. రోజూ నాలుగు గంటల కరెంటుతో ఆగిపోయే ఆ బావి గోడ అంత లోతు దాకా బయటపడి ఎన్నాళ్లయిందో మోటారక్కకే గుర్తు లేదు.

విత్తనాలమ్మ టోపీ వెనక్కి నెట్టుకుని వంగింది. "కట్టుబడి బాగుంది... రాయి కదల్లేదు... ఆ తూర్పు గోడలో అదేంటి?"

"ఎక్కడ?"

"మూడో మెట్టు పక్కన. గుండ్రంగా."

మోటారక్క చూసింది. రాళ్ల మధ్య, చుట్టూ సిమెంటు పూసి, గిన్నె మూతంత వెడల్పున ఒక పైపు నోరు. నోటి కింద గోడ మీద ఆకుపచ్చ నాచు చార. తూర్పు అంటే దిగువ. దిగువన ఉన్నది పక్క తోట, అందులో ఇంకో బావి. ఈ బావి నీళ్లు ఆ పైపులోంచి వాటంతట అవే ఆ బావిలోకి జారిపోతాయి. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. నేల వాలు చాలు.

రెండేళ్లుగా ఆవిడ ఆకాశాన్ని తిట్టింది. పైపు అడుగునుండే ఫుట్‌వాల్వు మార్చింది. పైపులు మార్చింది. నీళ్లు సరిగ్గా పెట్టడం లేదని పనివాళ్ల మీద కసురుకుంది. రాత్రిళ్లు పడుకుని, నాన్న నడిపినట్టు నేను నడపలేకపోతున్నానేమో అని తనను తనే చీల్చుకుంది. ఇంతా చేస్తే, ఇదన్నమాట.

తలతిప్పి తమ్ముణ్ణి చూసింది. అతను బావిలోకి చూడలేదు. చూడకపోవడమే జవాబైంది.

"నీకు తెలుసు."

"అక్కా, అందరి ముందూ..."

"అందరి ముందే చెప్పు. ఎప్పుడు పెట్టారిది?"

"నువ్వు నీ కూతురి కాన్పుకి వెళ్లినప్పుడు. నెల్లాళ్లు లేవు కదా, అప్పుడు బావి పూడిక తీయించాం..."

తీయించారు. తిరిగొచ్చి చూసి ఆవిడ తమ్ముణ్ణి మెచ్చుకుంది కూడా. చేతులు పట్టుకుని మరీ మెచ్చుకుంది.

"ఎందుకు?"

"దారి కోసం!" తమ్ముడి గొంతు ఒక్కసారిగా లేచింది. "లారీ దారి మనకెక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు? దిగువాయన తన పొలంలోంచి ఊరికే ఇచ్చాడనుకున్నావా? అంతకుముందు టమాటా బుట్టలు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా మోసేవాళ్లు. సగం అక్కడే చితికిపోయేవి. ఇప్పుడు లారీ షెడ్డు ముందుకొచ్చి ఆగుతోంది. రెండేళ్లుగా ఆ దారిలో నీ పంటే పోతోంది కదా! దారి లేని తోట ఎవరైనా కొంటారా? ఆయన నీళ్లడిగాడు, మనం దారి అడిగాం. తప్పేముంది అందులో?"

అతను చెప్పిందాంట్లో నిజం ఉంది. ఆ దారిలోనే ఆవిడ లారీల్ని ఎదురేగి తీసుకొచ్చింది. దిగువాయన కనిపించినప్పుడల్లా "నీ మేలు మర్చిపోను బాబాయ్" అంది. ఆయన తల పంకించి ఊరుకునేవాడు. ఆయన పొలంలో రెండో పంట పచ్చగా కళకళలాడుతుంటే చూసి, కష్టజీవి అనుకుంది.

"తప్పేముందా?" అంది మోటారక్క. "దారి కావాలని నన్నడిగితే నీళ్లివ్వనని అనేదాన్నేమో. పోట్లాడేదాన్నేమో. చివరికి ఒప్పుకునేదాన్నేమో కూడా. అడగలేదే! ఆ తప్పుంది."

"జరిగిందేదో జరిగింది," అన్నాడు బ్రోకరు, ఇద్దరి మధ్యకి వచ్చి. "మేడమ్ మధ్యాహ్నం ఇంకో తోట చూడ్డానికి వెళ్లాలి. పైపు సంగతి తరవాత తీరిగ్గా చూసుకోవచ్చు. ముందు అడ్వాన్సు ఇచ్చే బయానా కాగితం మీద సంతకాలు..."

"ఆ పైపు తెరిచి ఉండగా నా సంతకం పడదు."

"మూస్తే దారి పోతుందక్కా!"

"పోనీ."

ఆవిడ షెడ్డులోకి వెళ్లి రెండు గోనెసంచులు, మొన తేల్చిన కొయ్య దిమ్మ, సుత్తి పట్టుకొచ్చింది. చెప్పులు విడిచి, చీర కొంగు బొడ్లో దోపుకుని, బావి మెట్లు దిగడం మొదలెట్టింది. యాభై నాలుగేళ్ల మనిషి. రాళ్లు పాకుడు పట్టి ఉన్నాయి. "పడతావే! అక్కా! నా మాట విను!" అని తమ్ముడు గట్టు మీద గంతులు వేశాడే గానీ, వెనక దిగలేదు. వెనక దిగింది విత్తనాలమ్మ. సగం దాకా దిగి, ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో సుత్తి అందించింది.

గోనెసంచిని నీళ్లలో ముంచి, చుట్టి, పైపు నోట్లో కుక్కింది మోటారక్క. దాని మీద కొయ్య దిమ్మ పెట్టి కొట్టింది. దెబ్బ దెబ్బకీ బావి మొత్తం మోగింది. ఆకాశాన్ని తిట్టినందుకు ఒక దెబ్బ. పనివాళ్లని కసిరినందుకు ఒక దెబ్బ. "నీ మేలు మర్చిపోను" అన్న ప్రతిసారికీ ఒక దెబ్బ. అరచెయ్యి చీరుకుపోయింది. ఆవిడకు తెలియనే లేదు.

పైకి ఎక్కి వచ్చేసరికి గట్టు మీద ఇంకో మనిషి ఉన్నాడు. దిగువాయన. డెబ్బై ఏళ్ల ఎండకు రాగిరంగు తేలిన ఒళ్లు, చేతిలో తాళంచెవి. ఆయన ఆవిణ్ణి చూడలేదు, తిన్నగా తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు.

"పదింటికి పరీక్ష అయిపోతుందన్నావు! నాలుగు రోజులు పైపు మూసుకోమన్నావు, మూసుకున్నాను. పదకొండు కొట్టాక తెరిచి ఇంజనేస్తే గాలి పీలుస్తోంది! నాతో ఆటలాడుతున్నార్రా అక్కాతమ్ముళ్లు?"

"ఇక ముందు కూడా గాలే పీలుస్తుంది బాబాయ్," అంది మోటారక్క. "పైపు మూసేశాను."

అప్పుడు చూశాడు. తడిసిన చీర, రక్తం కారుతున్న చెయ్యి, చేతిలో సుత్తి.

"మూశావా? మంచిది. నేనూ మూసే వచ్చాను. లారీ దారికి అడ్డంగా గొలుసు వేశాను, తాళం పెట్టాను. నీళ్లొచ్చేదాకా చక్రం కదలదు. లోపలున్న బళ్లు లోపలే, బయటున్నవి బయటే."

షెడ్డు ముందు పొద్దున కోసిన టమాటా పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. సాయంత్రం లారీ రావాలి. పనివాళ్లు కోత ఆపి, మడుల మధ్య లేచి నిలబడి ఇటే చూస్తున్నారు.

"నీ పొలం, నీ ఇష్టం. నా బావి, నా ఇష్టం," అంది మోటారక్క. "ఈ ఒప్పందం నాకు తెలీదు. ఈ భూమిలో సగం నా పేర ఉంది. నేను సంతకం పెట్టని ఒప్పందం నా బావి మీద చెల్లదు."

"పెట్టలేదా?" దిగువాయన చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడతలు పడ్డ కాగితం విప్పాడు. "చూసి చెప్పు. మీ నాన్నది ఒకటి, నీది ఒకటి. పక్కపక్కనే ఉన్నాయి."

కాగితం అందుకుంది. తడి చేతికి అంచు అంటుకుంది. తండ్రి సంతకం ఉంది. పక్కన తన పేరు ఉంది, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. గిర్రున తమ్ముడి వైపు తిరిగింది.

"అక్కా, ఒట్టు! ఆ సంతకం నేను పెట్టలేదు. పిల్లల మీద ఒట్టు!"

మళ్లీ కాగితం చూసింది. ఈసారి అక్షరాలు చూసింది. చివరి అక్షరం కొమ్ము గీత కిందికి సాగదీసి, కొసన చిన్న సున్నా చుట్టి ఉంది. అలా రాసేది ప్రపంచంలో ఒక్కరే. ఏటేటా ఆవిడ బడి పుస్తకాల అట్టల మీద అచ్చం అలాగే ఆ పేరు రాసిచ్చిన మనిషి.

ఇంజను దడదడ ఒక్కటే వినిపిస్తోంది.

దిగువాయన గొంతు తగ్గించాడు. అందులో జాలి కూడా ఉంది, అదే ఆవిణ్ణి ఎక్కువ మండించింది. "అమ్మాయ్, ఇంతటితో ఊరుకో. నీది కాదంటే, మరి ఎవరిదో చెప్పాలి. పోయిన మనిషి దొంగ సంతకం పెట్టాడని నలుగురిలో నువ్వే చెప్పాలి. చెప్తావా? మీ నాన్న పేరు ఈ చుట్టుపక్కల ఎలాంటిదో నీకు తెలుసు. పైపు తెరువు, తాళం తీస్తాను, తోట అమ్ముకో. అందరి మర్యాదా నిలబడుతుంది."

తమ్ముడు బతిమాలుతున్నట్టు చూశాడు. విత్తనాలమ్మ టోపీ తీసి చేతిలో పట్టుకుంది. మడుల్లో పన్నెండుమంది నిలబడి ఉన్నారు. వాళ్లలో సగంమందికి పని నేర్పింది ఆ తండ్రే.

ఆవిడకు ఏడుపు వచ్చింది. దాన్ని రానిచ్చింది, తుడుచుకోలేదు. తలెత్తి, ఇంజను మోత మీదుగా, చివరి మడి దాకా వినిపించేలా చెప్పింది.

"ఇది నా సంతకం కాదు. మా నాన్న పెట్టాడు. నా పేరు నాకు చెప్పకుండా రాశాడు. ఆయన నాకు అన్నం పెట్టాడు, పని నేర్పాడు, ఈ భూమిలో సగం నాకిచ్చాడు. ఈ ఒక్కటి మాత్రం తప్పు చేశాడు. ఆ తప్పును నేను మొయ్యను, ఇంకొకరి నెత్తిన పెట్టి అమ్మను. ఎవరేమనుకున్నా సరే!"

దిగువాయన చేతిలో తాళంచెవి కిందికి వాలింది. ఆ జవాబు ఆయన ఊహించలేదు. తమ్ముడు గట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"బాబాయ్, ఒక్కటడుగుతాను. మా నాన్నకు ఇంత తెలివి లేదు," అంది మోటారక్క, కాగితం ఇంకా పట్టుకునే. "దారికీ నీళ్లకీ ముడిపెట్టి, ఇంత పద్ధతిగా కాగితం రాయడం ఆయనకు చేతకాదు. నీకూ చేతకాదు. ఎవరు రాశారిది?"

దిగువాయన కళ్లు కాగితం అడుగుకు వెళ్లాయి. ఆవిడ కళ్లూ వెళ్లాయి. సంతకాల కింద, మడత పోయిన చోట, చిన్న అక్షరాలతో ఒక వరస ఉంది. రాసినవారు, సాక్షి. ఒక పేరు. పేరు కింద వృత్తి కూడా, భూముల మధ్యవర్తి అని.

మూడు వారాల కిందట గేటు దాటుతూ, "ఎంత బాగుందండీ తోట! ఇన్నాళ్లూ నా కంట పడనే లేదే!" అని మురిసిపోయిన మనిషి పేరు.

మోటారక్క తల తిప్పింది. బ్రోకరు నిలబడ్డ చోట ఎవరూ లేరు. టమాటా పెట్టెల అవతల స్కూటరు స్టార్టవుతున్న చప్పుడు.

ఆవిడ తొందరపడలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని, సుత్తి భుజాన వేసుకుని, లారీ దారి వైపు నడిచింది. స్కూటరుకైనా బయటికి ఆ ఒక్క దారే, దానికి గొలుసు వేసి ఉంది.